అలుపు లేని మనుషులు

మా అన్నకు ఆ మాత్రలు మొదటిసారి ఇచ్చింది నేనే. డాక్టరు గారు సరేనన్నారు, గని యజమాని కోరాడు, మేస్త్రి తొందరపెట్టాడు. ఇవన్నీ నిజమే. కానీ పొట్లం కట్టి, ఎండలో గని దాకా నడిచి వెళ్ళి, అన్న అరచేతిలో పెట్టింది నా చెయ్యి. ఈ సంగతి చెప్పినప్పుడల్లా వినేవాళ్ళు నన్ను ఓదార్చబోతారు. నీకేం తెలుసమ్మా, నువ్వు నర్సువు, పెద్దవాళ్ళు చెప్పినట్టు చేశావు అంటారు. నాకు తెలుసు. అంతో ఇంతో తెలిసే ఇచ్చాను.

మాది పెద్దేముల్ దగ్గర ఒక చిన్న పల్లె. పటేలు పొలాల్లో కూలికి పోయే ఇల్లు. నాయిన నా చిన్నప్పుడే పోయాడు. పోలీసు యాక్షన్ జరిగిన ఏడు ఆ గడబిడకు భయపడి పటేలు కుటుంబం హైదరాబాదు వెళ్ళిపోయింది. కందిచేలు అట్లాగే బీడుపడ్డాయి. అప్పటికి అన్నకు పదహారేళ్ళు, నాకు పన్నెండు. అన్న తాండూరు బండల గనికి పనికి పోయాడు. కొన్నాళ్ళకు అవ్వ, మా అమ్మ, కూడా వాడి దగ్గరికే చేరింది. నన్ను చర్చి పాస్టరు గారు వికారాబాదులో మిషన్ హాస్టలులో చేర్పించారు. అక్కడ ఏడో తరగతి దాకా చదివి, గుట్ట మీద క్షయ రోగుల దవాఖానలో ఆయాగా కుదిరాను. నర్సమ్మల వెనక తిరిగి తిరిగి సూది వేయడం, నాడి చూడటం, చీటీ చదవడం నేర్చుకున్నాను.

మందంటే నాకు గిట్టదని ఎవరైనా అనుకుంటారేమోనని ఆ దవాఖాన సంగతి ఒకటి చెప్పాలి. వరండాలో చివరి మంచం మీద ఒక ఉర్దూ పంతులు ఉండేవారు. ఒక వాక్యం పూర్తిగా చెప్పేలోపు మూడుసార్లు ఆగేవారు. అంతకుముందు ఆయన గొంతు పక్క గదికి కూడా వినిపించేదట. కొత్త సూదిమందు వచ్చాక నెలల తరబడి వేశాం. ఒకరోజు పొద్దున ఉత్తరం చదువుతూ ఒక వరుస మొత్తం ఒక్క ఊపిరిలో చదివారు. చదివి, కాగితం మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. నేను దగ్గరికి పోతే ఆయన అన్న మాట ఇది: "నాది నాకొచ్చింది బిడ్డ. గింతే గావాలె. ఎక్కువేం వద్దు." ఆ మందును చేతులెత్తి మొక్కినదాన్ని నేను. మందంటే మనిషిది మనిషికి ఇప్పించేది అనుకునేదాన్ని. అంతకు మించి మందుకు ఇంకో పని ఉంటుందని అప్పటికి నాకు తెలియదు.

అవ్వకు ఒళ్ళు బాగాలేక నేను తాండూరు వచ్చేశాను. అప్పుడే ఒక డాక్టరు గారు స్టేషన్ దగ్గర దవాఖాన తెరిచి నర్సు కోసం చూస్తుంటే నేను చేరాను. హైదరాబాదులో చదివి, యుద్ధం రోజుల్లో పట్టాళంతో పాటు దేశం బయట పనిచేసి వచ్చిన మనిషి. రెండు బీరువాల నిండా పుస్తకాలు తెచ్చుకున్నారు. ఆయన చెడ్డవారు కాదు. ఇది ముందే చెబితే మంచిది. పేదవాళ్ళు వస్తే బెంచీ మీద పక్కన కూచోబెట్టుకుని మాట్లాడేవారు. నాకు సూదిలో దారం ఎక్కడం లేదని గమనించి, తనే కళ్ళు చూసి అద్దాలు తెప్పించారు. మా కులం వాళ్ళ ఇళ్ళలో నీళ్ళు తాగడానికి వెనకాడని పెద్దమనిషిని నేను మొదటిసారి చూసింది ఆయననే.

మధ్యాహ్నం రోగులు తగ్గాక ఆయన మాట్లాడేవారు. వినేదాన్ని నేనొక్కదాన్నే. దేశమంతా ఆనకట్టలు లేస్తున్నాయి, నదుల దారే మారుస్తున్నాం, మనిషిని మాత్రం పుట్టినవాడు పుట్టినట్టే వదిలేస్తున్నాం అనేవారు. మనిషి ఒళ్ళు ఎప్పుడో అడవిలో బతకడానికి తయారైంది, కొత్త కాలానికి చాలదు, రోగం తగ్గించడంతో వైద్యం ఆగిపోవడం చేతగానితనం అనేవారు. ఆరోగ్యంగా ఉన్నవాణ్ణి ఇంకా మెరుగు చేయాలి. జ్ఞాపకం పెంచాలి, బలం పెంచాలి, నిద్ర తగ్గించాలి. చెబుతున్నప్పుడు ఆయన కళ్ళు మెరిసేవి. నాకు సగం అర్థమయ్యేది కాదు కానీ వినడానికి బాగుండేది. నాలాంటిదాన్ని ఎదురుగా పెట్టుకుని మనుషులందరి గురించి మాట్లాడటమే నాకు గొప్పగా తోచేది.

ఆ మాత్రలు పట్టాళంలో సిపాయిలకు ఇచ్చేవారట. చిన్నవి, తెల్లవి, మధ్యలో గీత. ఆయన తానే వాడేవారు, చదువుకోవడానికి. ఒకరోజు వాంతులు విరేచనాలతో జనం వచ్చి దవాఖాన నిండిపోయి నేను నిలబడలేక గోడకు ఆనుకుంటే నాకూ ఒకటి ఇచ్చారు. అరగంటలో అలుపు పోయింది. ఆకలి పోయింది. అందరికీ సెలైన్లు మార్చాను, బకెట్లు కడిగాను, సీసాలన్నీ దించి అరలు తుడిచి మళ్ళీ పేర్చాను. నా అంత తెలివైనది తాండూరులో లేదనిపించింది. రోగుల పేర్లన్నీ అడగకుండానే గుర్తొచ్చాయి. నిజం చెబుతున్నాను, ఆ రోజు నాకు చాలా సంతోషంగా ఉండింది. మరునాడు లేవలేకపోయాను. ఎందుకో తెలియకుండానే ఏడుపొచ్చింది. మందు దిగిపోయేటప్పుడు అట్లాగే ఉంటుంది అన్నారు ఆయన, ఇంకోటి వేసుకుంటే సర్దుకుంటుందని కూడా. నేను వేసుకోలేదు. వేసుకోవాలని మాత్రం చాలా రోజులు అనిపించింది.

గని యజమానిని అందరూ సేటు అనేవాళ్ళు. డాక్టరు గారికి స్నేహితుడు. సాయంత్రాలు వచ్చి కూచునేవాడు. పని నెమ్మదిగా సాగుతోంది, పొద్దున చురుగ్గా ఉన్న కూలీలు రెండు జాములయ్యేసరికి చల్లబడిపోతారు, రైలు వ్యాగన్లు ఖాళీగా నిలబడుతున్నాయి అని వాపోయేవాడు. వాళ్ళిద్దరి మధ్య ఆ మాట ఎప్పుడు కుదిరిందో నాకు తెలియదు. డాక్టరు గారు దాన్ని వ్యాపారంగా చూడలేదు. ఒక నోటుబుక్కు తెరిచి, ఎవరు ఎన్ని మాత్రలు తిన్నారు, బరువెంత, నాడి ఎంత అని రాయించేవారు. ఇదంతా రేపు పెద్ద విషయం అవుతుందని నమ్మారు. గనిలో బలహీనులు ఉండరు, అందరూ సమానంగా పనిచేస్తారు, ఇంతకంటే సమానత్వం ఏముంది అన్నారు నాతో.

మొదట పదిమంది తీసుకున్నారు. పాపం, కూలీలకు అదొక పండగ. మధ్యాహ్నం గంజి తాగకుండానే పనిచేశారు, నవ్వుకుంటూ పనిచేశారు. బండలు ఎక్కువ తీశారు, కూలీ ఎక్కువ వచ్చింది. రెండు నెలలు తిరిగేసరికి వాళ్ళు తీసినన్ని బండలే అందరూ తీయాలని మేస్త్రి చెప్పాడు. ఎక్కువన్నది పోయి అదే మామూలైంది. మాత్ర వేసుకోనివాడు సోమరి అయ్యాడు. కూలీ మళ్ళీ పాత కూలీయే. మాత్ర వేసుకుంటే పాతచోటనే నిలబడతాడు, వేసుకోకపోతే కిందికి జారతాడు. ఇంత తేలికగా ఇది జరిగిపోతుందని ఎవరూ అనుకోలేదు. డాక్టరు గారు కూడా అనుకోలేదేమో. ఆ మాత్రం నేను ఆయన పక్షాన ఒప్పుకుంటాను.

మా అన్న తీసుకోలేదు. అన్న పని గురించి చెబితే గానీ ఇది అర్థం కాదు. తాండూరు బండ పొరలు పొరలుగా ఉంటుంది. పొర ఎక్కడ విడుతుందో పట్టుకుని, అంచున ఉలి పెట్టి వరుసగా కొట్టుకుంటూ పోతే నిలువెడు బండ పగుళ్ళు లేకుండా లేస్తుంది. తప్పు చోట కొడితే ముక్కలవుతుంది. అన్న బండ పక్కన కూచుని, నీళ్ళు చల్లి, చిన్న సుత్తెతో అక్కడక్కడ తట్టి వినేవాడు. తట్టి ఊరుకునేవాడు. మళ్ళీ తట్టేవాడు. పక్కవాళ్ళు నవ్వేవాళ్ళు, బండకు దువా చదువుతున్నాడని. వాడి చేతిలో విరిగిన బండ మాత్రం నేను చూడలేదు. పెద్ద కట్టడాలకు ఒకే కొలత బండలు కావాలంటే మేస్త్రి వాడి దగ్గరికే వచ్చేవాడు. వినడం ఎట్లా నేర్చుకున్నావు అని ఒకసారి అడిగితే నేర్చుకోలేదు, అలిసిపోయి కూచున్నప్పుడు వినొచ్చింది అన్నాడు.

మేస్త్రి వాణ్ణి తీసేసి రాళ్ళు మోసే పనిలో వేస్తానన్నాడు. వదినె అప్పుడు రెండో కాన్పుకు సిద్ధంగా ఉంది. అవ్వ దగ్గు తగ్గలేదు. నేను అన్న దగ్గరికి వెళ్ళాను. చెట్టు లేని చోట, తవ్విపోసిన రాళ్ళ నీడలో కూచుని ఉన్నాడు. డాక్టరు గారు మంచివారని, నేను కూడా వేసుకున్నానని, ఏమీ కాలేదని చెప్పాను. మర్నాడు ఏడ్చానని చెప్పలేదు.

వాడు పొట్లం విప్పి చూశాడు. "అలుపొస్తె నాకే మంచిది గద చెల్లె," అన్నాడు. "సేటు ఆగుమనడు, మేస్త్రి ఆగుమనడు. ఆగుమని చెప్పెటిది నా పానమొక్కటే. దాని నోరు గూడ మూయమంటవా?"

నేను ఏమన్నానో ఇప్పటికీ గుర్తుంది. "అందరు ఏసుకుంటున్నరు అన్న. నువ్వొక్కనివి ఏసుకోకపోతె ఇల్లెట్ల ఎల్లుతది?"

వాడు వేసుకున్నాడు. నేను తెచ్చిన నీళ్ళే తాగాడు.

ఆ తరువాత ఏడాది పొడుగునా జరిగింది వదినె ఒక్క మాటలో చెప్పింది: "మనిషి ఇంటికొస్తుండు గని ఇంట్ల ఉంటలేడు." తిండి తగ్గింది, దవడలు లోపలికి పోయాయి. పుట్టిన పిల్లను ఎత్తుకుని రెండు నిమిషాలు కూచోలేకపోయేవాడు. మాట్లాడేది ఎక్కువైంది. మితంగా మాట్లాడే మా అన్న గుక్కతిప్పుకోకుండా ఏదో చెబుతూ పళ్ళు కొరికేవాడు. బండలు మాత్రం తీస్తున్నాడు, అందరికంటే ఎక్కువ. డాక్టరు గారి నోటుబుక్కులో వాడి పేరు పక్కన ఆయన ఎర్రసిరాతో గీత గీశారు, బాగా పనిచేసిందని.

బండలు విరగడం కూడా అప్పుడే మొదలైంది. మొదట నెలకొకటి, తరువాత వారానికొకటి. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక అన్న నన్ను పక్కకు పిలిచి, బండ చప్పుడు తెలుస్తలేదు, చెవులు పోయినట్టున్నయి అన్నాడు. నేను దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు గారు మోగే ఇనుప కడ్డీ చెవి దగ్గర పెట్టి, దూరంగా పెట్టి, చాలాసేపు పరీక్షించారు. చెవులకేమీ లేదన్నారు. ఇంతకుముందు కంటే బాగా వినిపిస్తోంది, చూడు, గది అవతల పెట్టినా వింటున్నాడు అని సంతోషపడ్డారు. అన్న నా మొహం చూశాడు. తట్టిన తరువాత ఊరుకోవడం వాడి వల్ల కావడం లేదు, అదీ వాడికి వచ్చిన రోగం. దాన్ని ఏ కడ్డీతో కొలుస్తారు?

అన్నను పంపించేసి నేను డాక్టరు గారిని అడిగాను, వీడికి ఆపేద్దాం సార్ అని. ఆయనకు కోపం రాలేదు. కుర్చీ చూపించారు. నేను కూచోలేదు.

"చూడమ్మా, నువ్వు కళ్ళద్దాలు పెట్టుకున్నవు. దేవుడిచ్చిన చూపు చాలదని కదా? సైకిలెక్కుతం, కాళ్ళు చాలవని కదా? అప్పుడు లేని తప్పు మాత్ర దగ్గర ఎందుకొచ్చె?"

ముక్కు మీద ఆయన కొనిచ్చిన అద్దాలు పెట్టుకుని ఆయనతో ఏమని వాదించను? ఆయన నా ఓటమిని కూడా దయగా తీసుకున్నారు. చదువుకుంటే నీకే తెలుస్తుంది అన్నారు.

ఆ తరువాత చాలా ఏళ్ళు ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. గిన్నెలు తోముతున్నప్పుడు, బస్సులో కూచున్నప్పుడు ఆయనకు జవాబు చెబుతూనే ఉన్నాను. నా అద్దాలు నావి. నాకు కావాల్సింది చూడటానికి పెట్టుకుంటాను, చాలనుకుంటే తీసి పెట్టెలో పెడతాను. అద్దాలున్నాయి కాబట్టి ఇన్ని సూదుల్లో దారం ఎక్కించి తీరాలని నాకెవరూ షరతు పెట్టలేదు. అన్న మాత్ర అన్న మింగాడు గానీ అది పనిచేసింది ఇంకొకరికి. ఇది మొదట తోచిన జవాబు. అది చాలదని తరువాత తెలిసింది. రేపు సేటు లేని గని వస్తే, ఎక్కువ తీసినవాడికి ఎక్కువ ఇస్తే, అప్పుడు మాత్ర మంచిదైపోతుందా?

మెరుగు అనే మాట దగ్గరే నేను ఆగిపోయాను. అన్న మెరుగయ్యాడని నోటుబుక్కు చెప్పింది. దేనిలో మెరుగయ్యాడు? ఆయన ఏది రాయాలనుకున్నారో దానిలో. బండల సంఖ్య రాశారు, నాడి రాశారు. పిల్లను ఎత్తుకుని కూచోవడం రాయలేదు, తట్టి ఊరుకోవడం రాయలేదు. మనిషిని ఏదో ఒకదాన్ని పట్టుకుని కొలిస్తేనే పెంచడం కుదురుతుంది. ఆ కొలత ఎవరి చేతిలో ఉంటే మనిషి వాళ్ళ వైపుకే పెరుగుతాడు. మిగిలిన వైపుల నుంచి ఎంత తరిగిపోయాడో అడిగేవాళ్ళు ఉండరు. ఇంకొకటి. ఆయన అలుపును ఒంట్లో ఉన్న లోపం అనుకున్నారు. మా ఇంట్లో తాతల కాలం నుంచి మాకు సొంతమంటూ ఉన్నది అదొక్కటే. పటేలు మా పొద్దును తీసుకున్నాడు, మా చేతుల్ని తీసుకున్నాడు, కానీ అలిసిన మనిషి దగ్గర వాడూ ఆగాల్సి వచ్చేది. ఆ కాస్త అడ్డును వైద్యం తీసేసింది, మా మేలు కోసమేనని చెప్పి.

ఇవన్నీ ఇప్పటి మాటలు. అప్పుడు నేను నోరు మూసుకుని మాత్రలు లెక్కపెట్టి పొట్లాలు కట్టాను.

అన్నకు గనిలో జోడీగా ఒకతను ఉండేవాడు. సేడం వైపు నుంచి వచ్చిన కన్నడం మనిషి. అన్న ఒక వైపు, అతను ఒక వైపు ఉలి పట్టుకునేవాళ్ళు. నేను పొట్లాలు తీసుకుని పోతే అక్క వచ్చింది, పెళ్ళి బువ్వ తెచ్చింది అని కన్నడం కలిసిన తెలుగులో నవ్వించేవాడు. ఆ ఎండాకాలం తాండూరులో బండల మీద కాలు పెట్టే పరిస్థితి లేదు. మామూలుగా ఆ రోజుల్లో పన్నెండు కొట్టే ముందే మనుషులు కొట్టాల కిందికి చేరేవాళ్ళు. ఆ ఏడు చేరలేదు. దాహం తెలియలేదు, అలుపు తెలియలేదు. వాళ్ళిద్దరూ పని ఆపలేదు.

అతను వంగడం అన్న చూశాడట. ఉలి కోసం వంగాడనుకున్నాడు. "నేను ఇంక రెండు దెబ్బలు కొట్టిన చెల్లె," అని చెప్పాడు నాతో. "కొట్టినంక చూసిన."

బండలు మోసే ఎడ్లబండిలో దవాఖానకు తెచ్చారు. ఒళ్ళు ముట్టుకుంటే నా చెయ్యి వెనక్కి వచ్చేసింది, అంత కాలిపోతోంది. చెమట చుక్క లేదు. తడిబట్టలు చుట్టాం, కడవలతో నీళ్ళు పోశాం. డాక్టరు గారు మోకాళ్ళ మీద కూచుని ఏవేవో చేశారు. ఆయన చొక్కా అంతా తడిసిపోయింది. గంట కూడా నిలవలేదు అతను. బయట అన్న నిలబడి ఆగకుండా మాట్లాడుతూనే ఉన్నాడు, ఎవరితోనో తెలియదు. వాడి ఒంట్లో మందు ఇంకా దిగలేదు.

చావు కాగితం నేనే తెచ్చి ఆయన ముందు పెట్టాను. వడదెబ్బ అని రాశారు. మాత్రల సంగతి రాయరా సార్ అన్నాను. ఆయన కలానికి మూత పెట్టారు. "మాత్రతోటి చావలేదమ్మా. ఎండతోటి చచ్చిండు," అన్నారు. అది అబద్ధం కాదు. అందుకే నాకు అంత అసహ్యం వేసింది.

ఆయన మాత్రలు ఆపలేదు. ఎండాకాలం పోయేదాకా సగం చేశారు. ఆ మార్పు కూడా నోటుబుక్కులో రాశారు.

పదిహేను రోజుల తరువాత అతని భార్య వచ్చింది, అత్తను వెంటబెట్టుకుని. చిన్నవయసు పిల్ల. కన్నడం తప్ప రాదు. అన్న మధ్యలో ఉండి నాకు తెలుగులో చెప్పాడు. ఆమె డబ్బు కోసం రాలేదు, ఏడవలేదు. ఆయన పుట్టినప్పటి నుంచి ఎండలోనే పనిచేసిన మనిషి, ఎండ ముదిరితే నీడకు పోవాలని గొడ్డుకు కూడా తెలుసు, ఆయనకెందుకు తెలియలేదు అని అడిగింది. ఆ రోజు ఎండ చాలా ఎక్కువగా ఉండిందని నేను చెప్పాను. అన్న ఆ మాటను కన్నడంలోకి మార్చి చెప్పలేదు. తల వంచుకుని నిలబడ్డాడు. ఆమె నా మొహాన్ని బట్టే ఏదో అర్థం చేసుకుంది. ఇద్దరూ గుల్బర్గా వైపు పోయే బండికి వెళ్ళిపోయారు.

ఆ రోజుతో అన్న మాత్ర మానేశాడు. ఎవరూ మాన్పించలేదు. మూడు రోజులు పడుకునే ఉన్నాడు. ఆ తరువాత నెలల తరబడి గోడ వైపు తిరిగి కూచునేవాడు. వదినె కందులు విసిరి, కూలికి పోయి ఇల్లు నడిపింది. మళ్ళీ గనికి పోతే మేస్త్రి రాళ్ళు మోసే పనిలో వేశాడు. ఒకసారి నా ఎదుటే, పక్కన పడి ఉన్న ఒక బండ దగ్గర కూచుని అలవాటు కొద్దీ తట్టాడు. విన్నాడు. లేచి వచ్చేశాడు. వినొచ్చిందా అని అడిగాను. "వినొస్తది. గని నమ్మబుద్ధయితలేదు," అన్నాడు. అప్పటికి వాడికి ముప్పై దాటి ఎంతో కాలేదు.

నేను దవాఖాన మానేశాను. మానేస్తున్నానని చెప్పినప్పుడు డాక్టరు గారు ఎందుకని అడగలేదు. నీలాంటి చెయ్యి దొరకదు అన్నారు. అవ్వ పోయాక వికారాబాదు గుట్ట మీద పాత పనికే వచ్చేశాను. మాత్రల గురించి ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. చేస్తే వినేవాళ్ళు ఎవరో కూడా నాకు తెలియదు, తెలుసుకోవడానికి ప్రయత్నించనూ లేదు.

మాత్రలు ఆగిపోయాయి, కానీ మావల్ల కాదు. గనికి కరెంటు వచ్చింది. బండలు కోసే యంత్రాలు వచ్చాయి. సగం మందికి పని లేకుండా పోయింది. యంత్రానికి దాహం లేదు, మాత్ర అక్కర్లేదు. మనుషుల్ని యంత్రాల మాదిరి చేయడానికి అన్ని తిప్పలు పడ్డారు కదా, అసలు యంత్రమే వచ్చాక ఆ మనుషుల్ని ఏం చేసుకుంటారు? మేస్త్రి వాళ్ళను పొమ్మన్నాడు. చాలామందికి అప్పటికి నిద్ర పట్టేది కాదు, చేతులు వణికేవి. కొందరు ఆ మాత్రల కోసం హైదరాబాదు దాకా వెళ్ళి వెతుక్కున్నారని విన్నాను.

కొన్నేళ్ళకు, ఆ అరవయ్యో దశకంలోనే, ఒక సాయంత్రం వికారాబాదు స్టేషన్‌లో డాక్టరు గారు కనిపించారు. దవాఖానకు రావాల్సిన మందుల పెట్టె కోసం నేను వెళ్ళాను. ఆయన బెంచీ మీద కూచుని ఉన్నారు. మనిషి సగమయ్యారు. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్నారు. తాండూరులో అన్నీ అమ్మేసి హైదరాబాదు తమ్ముడింటికి వెళ్ళిపోతున్నానని చెప్పారు. అన్న గురించి అడిగారు. బతికి ఉన్నాడని చెప్పాను. ఆయన తల ఊపి, ఆ మందులో లోపం ఉండింది అన్నారు. పట్టాళం వాళ్ళు తొందరలో తయారుచేసింది అది. ఇంకో ఇరవై ముప్పై ఏళ్ళకు లోపం లేనిది వస్తుంది, మనం కొంచెం ముందు పుట్టాం, అంతే అన్నారు.

అంతకాలం గిన్నెలతో, గోడలతో చెప్పుకున్న జవాబులేవీ నా నోటికి రాలేదు. వేరే మాట వచ్చింది.

"లోపం లేనిదొస్తెనే నాకు భయం సార్. గిది చెడ్డది గనుక మా అన్న వద్దనగలిగిండు. మంచిదొస్తె ఏం జెప్పి వద్దంటడు? నాకు అలుపు గావాలె, నన్ను గిట్లనే ఉండనియ్యుండ్రి అంటె ఎవరు నిలువనిస్తరు?"

ఆయన నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశారు. అలుపు ఎవరికైనా ఎందుకు కావాలమ్మా అన్నారు. నిజంగానే అడిగారు. ఆయనకు తెలియదు. ఏళ్ళ తరబడి పేదవాళ్ళ నాడి పట్టుకుని చూసిన మనిషికి ఆ సంగతి తెలియదు. రైలు వచ్చింది. ఆయన పెట్టె బరువుగా ఉంటే లోపల పెట్టి దిగాను.

ఆ నెల తాండూరు పోయినప్పుడు అన్నకు చెప్పాను, డాక్టరు గారు కనబడ్డారని. నేనేం అన్నానో, ఆయనేం అన్నారో అంతా చెప్పాను. వాడు కోప్పడతాడని, కనీసం ఒక మాట తిడతాడని ఎదురుచూశాను. వాడు బీడీ ఆర్పి, "సారు పానం ఎట్లుంది?" అని అడిగాడు. బాగాలేదని, చేతులు వణుకుతున్నాయని చెప్పాను.

"పాపం," అన్నాడు.

వాడు ఆ మాట నిజంగా బాధపడే అన్నాడు. నాకు మాత్రం ఇప్పటిదాకా ఆయన మీద ఆ జాలి కలగలేదు.